విత్తనాల చోట ల్యాప్‌టాప్

తెల్లారి చాలాసేపయినా డుంబ్రిగుడ పక్క కొండల మీంచి మంచు కదల్లేదు. వారం రోజులుగా ఒకటే ముసురు. గురుబారి తడిసిన కట్టెల్ని ఊదీ ఊదీ, కళ్లలో నీళ్లు తుడుచుకుని, చోడి అంబలి కుండ దించింది. ఒక వయసు దాటాక పొయ్యి ఊదడం కూడా కొండెక్కినంత పనే అవుతుంది మనిషికి. కోడలు రత్న ఆవుల పాక శుభ్రం చేసి వచ్చి, నడుం పట్టుకుని గోడకి చేరబడింది. కొడుకు బుధు కాఫీ తోటలో కలుపు తీసి తీసి వాచిన వేళ్లని వేడి గిన్నెకు ఆనించి కాపడం పెట్టుకుంటున్నాడు. మనవరాలు గాయత్రి అయినా హుషారుగా ఉందా అంటే, అదీ లేదు. పగిలిన ఫోనులో ల్యాప్‌టాప్‌ల బొమ్మలు చూసి చూసి కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

ఆ పిల్ల విశాఖపట్నంలో పాలిటెక్నిక్ చదువుతోంది, కంప్యూటర్ల చదువే. మొదటి ఏడాదంతా హాస్టల్లో స్నేహితురాళ్లని అడిగి అడిగి గడిపింది. వాళ్లు భోజనానికి లేచినప్పుడు దీనికి ల్యాప్‌టాప్ దొరికేది. అలా అన్నం మానుకుని చదివినా రెండు పరీక్షలు పోయాయి. రెండో ఏడాది సొంతది లేకుండా నెట్టుకురాలేవమ్మా అని మేడమ్ ముందే చెప్పేసింది. ఇంట్లో ఉన్నదల్లా పోయిన చలికాలం కాఫీ గింజలు అమ్మగా మిగిలిన డబ్బు. దాంతో కొంటే ఒక్కసారే కొనాలి. తప్పుది కొన్నారో, చదువు అక్కడితో సరి.

"ఏటే, ఇంకా తేల్నేదా?" అన్నాడు బుధు.

"తేలింది నాన్నా. ఆఫీసుల్లో కొన్నాళ్లు వాడి తీసేసినవి బాగుచేసి అమ్ముతారు. టౌన్లో ఒక షాపుంది. ఏడాది గ్యారంటీ ఇస్తారు. నాకది చాలు."

బుధు గిన్నె కింద పెట్టేశాడు. "పాతదా?"

"పాతదే. కానీ గట్టిది."

"పుట్టి బుద్దెరిగినకాడ్నించీ ఒకలు ఇడిసిన సొక్కాలే తొడిగినాను. బళ్లో పుస్తకాలూ ఒకలు సింపీసినవే. ఇప్పుడు నా కూతురికీ ఒకలు వాడి పారేసిందేనా? ఒద్దు. కొత్తదే కొందాం. పెద్ద అద్దం ఉంటాది సూడు, అదీ."

"మన డబ్బుకి వచ్చే కొత్తది ఒట్టి బొమ్మ నాన్నా. రెండు పనులు ఒకేసారి చెప్తే నిద్రపోద్ది. మంచిది కావాలంటే వాయిదాలు కట్టాలి."

"కడతాను."

"దేంతో?" అంది రత్న, గోడకి ఆనుకునే. "నీ ఎముకల్తోనా?"

మాట వేడెక్కుతోందని గురుబారి మధ్యలో దూరింది. "ఎద్దుని కొన్నా పళ్లు సూసే కొంటాం. మరి దానికేటి సూత్తారే గుంటా?"

"బిగువు చూస్తారు నానమ్మా. మూత తెరిచి మూస్తే వదులుగా ఊగకూడదు. మీటలన్నీ పలకాలి. చెడిపోతే విప్పి బాగుచేసుకునేలా ఉండాలి."

"ఓలమ్మ! అయితే కోడల్ని ఎతికినట్టే."

"నన్ను ఇప్పి బాగు సేసినోలు ఎవులూ నేరు అత్తా," అంది రత్న. "అలాగే నడిపిత్తన్నారు."

అందరూ నవ్వారు, ఒక్క బుధు తప్ప. అతను గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు తండ్రీకూతుళ్లు రైలెక్కారు. షాపులో గాయత్రి ఒక్కొక్క మీట నొక్కి చూసింది. మూత పదిసార్లు తెరిచి మూసింది, తిరగేసి అడుగున మరలు చూసింది, ఛార్జరు పెట్టి తీసి చూసింది. అంతసేపూ బుధు అద్దాల బీరువా ముందు నిలబడి, లోపల మెరుస్తున్న కొత్తవాటిని చూశాడు. అందులో ఒకటి ఆకులా పల్చగా, వెండిలా ఉంది. "అది తీసి సూపించండి బాబూ" అని అడగబోయి, తన చెప్పుల బురద నేల మీద పడటం చూసుకుని ఊరుకున్నాడు. చివరికి కూతురు ఏరుకున్న నల్లటి బరువైన దానికే డబ్బిచ్చాడు. దాని మూత మీద ఎవరో ఆఫీసు బొమ్మ అంటించి గీకేసిన మరక ఉంది. తిరుగు రైల్లో బొర్రా సొరంగాలు దాటాక, "తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

కాలేజీ తెరవడానికి ఇంకా కొన్నాళ్లుంది. ఈలోగా అమ్మమ్మగారి ఊళ్లో నాట్లకి మనుషులు చాలటం లేదని కబురొస్తే గాయత్రి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ల్యాప్‌టాప్‌ని నానమ్మ చేతిలో పెట్టింది.

"దీనికి చెమ్మ తగలకూడదు నానమ్మా. చెమ్మ తగిలిందంటే చచ్చిపోద్ది. నేనొచ్చేదాకా నీదే పూచీ."

"నీను సూసుకుంటాను కదే. బేగి ఎల్లు, జీపు పోద్ది."

ఆ ముసుర్లో చెమ్మ తగలని చోటు ఆ ఇంట్లో ఎక్కడుంది? గోడలు నీరు కారుతున్నాయి. పెట్టెలో చీరలకి బూజు పట్టింది. ఉప్పు నీళ్లయిపోయింది. గురుబారి ఇల్లంతా తిరిగి చూసింది. ఆమె అత్త, ఆ అత్తకి అత్త, అందరూ వానాకాలంలో ప్రాణప్రదమైన దాన్ని ఒక్కచోటే పెట్టేవారు. పొయ్యికి పైన, వెదురు అటక మీద. కింద నిప్పు, పైన పొగ, పురుగు రాదు, బూజు పట్టదు. ఒక ఏడు వరసగా ముసురు పట్టి ఊరందరి విత్తనాలూ పోతే, ఈ అటక మీది విత్తనమే ముగ్గురి పొలాలకి పోయింది. గురుబారి తన పాత చీరలో ల్యాప్‌టాప్‌ని చుట్టి, ఆ అటకెక్కించింది. రోజూ రెండు పూటలా పొయ్యి బాగా మండేలా చూసింది. ఎండు కట్టెలు దానికోసమే దాచింది.

గాయత్రి తిరిగొచ్చిన ఉదయం వాన కొంచెం తెరిపిచ్చింది. కాళ్లు కడుక్కోకుండానే అడిగింది.

"నానమ్మా, నా ల్యాప్‌టాప్?"

"బంగారంలా ఉంది," అంటూ గురుబారి అటక చూపించింది.

గాయత్రి ముఖం తెల్లబోయింది. పీట వేసుకుని మూట దించింది. చీర మసి, ల్యాప్‌టాప్ మసి. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మీట నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. తిరగేసి చూస్తే అడుగు పక్క పొంగి ఉంది, నీళ్లు తాగిన శనగలా.

"పొయ్యి మీద పెట్టేవా? బ్యాటరీ ఉబ్బిపోయింది! దీనికి వేడి తగలకూడదు నానమ్మా!"

"సెమ్మ తగలకూడదన్నావు కదే..."

అప్పుడే తోట నుంచి వచ్చిన బుధు గుమ్మంలో ఆగిపోయాడు. జరిగింది సగమే విన్నాడు. "పోయిందా? సెప్పినానా నేదా? పాతది కొనొద్దు, కొనొద్దని! ఒకలు పారేసిందాన్ని తెచ్చి నెత్తినెట్టుకున్నాం!"

"పాతదని పోలేదు నాన్నా! నానమ్మ పొగలో ఉడకబెట్టింది!"

"అమ్మని అంటావేటే? కొత్తదయితే ఇలా అవుద్దా?"

"కొత్తదైనా చచ్చేదే!" అరిచింది గాయత్రి. ఏడాదంతా అన్నం మానుకున్న కోపమంతా నోట్లోకి వచ్చేసింది. "నీకేటి తెలుసు నానమ్మా? ఒక్క అక్షరమైనా చదివావా? తెలీకపోతే ముట్టుకోకుండా ఉండొచ్చు కదా!"

గురుబారి పొయ్యిలో మండుతున్న కట్టెని వెనక్కి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది. మంచం పక్కన కాసేపు వంగి లేచి, ఒడి పట్టుకుని, తడి గొడుగు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

రత్న ఎవరి పక్షమూ తీసుకోలేదు. తీసుకునే ఓపిక కూడా లేదు పాపం. చీపురందుకుని మంచం కింద ఊడ్చుతూ, ఉన్నట్టుండి ఆగింది. ఒక వెదురు బుట్టని బయటికి లాగింది. రాజ్మా విత్తనాల బుట్ట. వచ్చే పక్షంలో వెయ్యాల్సిన విత్తనం. అడుగున మట్టి నేల చెమ్మ పీల్చి, తెల్లటి మొలకలు బుట్ట కంతల్లోంచి బయటికి వచ్చేశాయి. పైన సగం తీసేసినట్టు వెలితిగా ఉంది.

"ఇది అటక మీద ఉండాలి కదా," అన్నాడు బుధు.

"ఉండేది," అంది రత్న నెమ్మదిగా. "నిన్న పొద్దున్నే సూసింది అత్త. మొలకలొచ్చీసినాయి అంది. ఎందుకు దించినావని అడిగితే, అటక మీద రెండిటికీ సోటెక్కడిదే అంది."

గాయత్రి మసి చేతులతోనే నేల మీద కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో ఏడాది తిండి ఎక్కడ పెడతారో, ఏడాదికొకసారి ఆ బుట్టని దించేటప్పుడు నానమ్మ చేతులు ఎంత జాగ్రత్తగా కదులుతాయో దానికి చిన్నప్పటి నుంచి తెలుసు. అలాంటి బుట్టని తీసి పక్కన పెట్టి, అక్కడ మనవరాలి ల్యాప్‌టాప్ పెట్టింది నానమ్మ.

ముసురుకి పోయిన కరెంటు ఎప్పుడొచ్చిందో, చూరు కింద బల్బు వెలిగింది. గాయత్రి కళ్లు తుడుచుకుని లేచింది. ల్యాప్‌టాప్‌ని తిరగేసి, అడుగున రెండు గొళ్లేలు జరిపి, ఉబ్బిన బ్యాటరీని మెల్లగా ఊడదీసింది. దాన్ని దూరంగా, పెరట్లో బండ మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దంది. మసి తుడిచింది. ఛార్జరు తీగ నేరుగా గుచ్చి మీట నొక్కింది. గుర్రుమని ఒక చప్పుడు. తర్వాత తెర నీలంగా వెలిగింది.

"ఊడొచ్చీసినాదేటే ఆ బ్యాటరీ!" అన్నాడు బుధు.

"దీనికి ఊడుతుంది నాన్నా. బ్యాటరీ లేకపోయినా కరెంటు మీద నడుస్తుంది. హాస్టల్లో కరెంటుంటుంది. వేరే బ్యాటరీ కాఫీ డబ్బులు వచ్చాక చూద్దాం."

"ఆ షాపులో ఎండి రంగు దానికో?"

"దానికి లోపల అంటించేస్తారు. మనం విప్పలేం. మళ్లీ షాపుకి పోవాలి, మళ్లీ ఎవర్నో బతిమాలాలి." గాయత్రి తెర వైపు చూస్తూ అంది. "ఏడాదంతా అందర్నీ అడిగాను నాన్నా. కాసేపు ఇవ్వవా, కాసేపు ఇవ్వవా అని. ఇంకెవర్నీ అడగక్కర్లేనిది కావాలనుకున్నాను. అంతే. పాతదా కొత్తదా అని చూళ్లేదు."

బుధు ఆ గీకిన మరక మీద బొటనవేలితో ఒకసారి రుద్ది, "పోదులే. గట్టిదే," అన్నాడు. అని, చుట్టూ చూశాడు. "అమ్మేది?"

రత్న బుట్టలోకి చూసింది. సగం గింజలు ఎక్కడికి పోయాయో అప్పుడర్థమైంది. మొలకెత్తిన గింజ ఆగదు. ఇవాళ నేలలో పడకపోతే రేపటికి కుళ్లు.

ముగ్గురూ బుట్ట పట్టుకుని వాలు పొలానికి ఎక్కారు. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. మంచులో దూరం నుంచి గురుబారి ఒక్కతే వంగి కనిపించింది. గొడుగు పక్కన పడేసి, బొరిగెతో తడి మట్టి తవ్వుతూ, ఒడిలోంచి ఒక్కొక్క గింజ తీసి పెడుతోంది. రెండు సాళ్లు అయ్యాయి. మూడో సాలు వంకరపోయింది, నడుం నిలవక.

బుధు ఆమె చేతిలోంచి బొరిగె తీసుకుని ముందు సాగాడు. గాయత్రి పక్కన కూర్చుంది.

"నానమ్మా... నేనన్న మాట..."

"ఏ మాట? సదుంకోనేదన్నావు. నిజిమే కదా. సదుంకుంటే ఇంకా బాగా ఎక్కడో పెట్టీదాన్ని."

గాయత్రికి ఏడుపు ఆగలేదు. ముఖం నానమ్మ భుజంలో దాచుకుంది.

"ఊరుకోయే గుంటా. పైనించి వాన పోత్తానే ఉంది కదా, నువ్వు కూడా ఎందుకు? గింజ కుళ్లిపోద్ది."

వెనక రత్న నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. గురుబారి ఒడిలోంచి గుప్పెడు గింజలు తీసి మనవరాలి దోసిట్లో పోసింది. గాయత్రి ఒక గింజని పట్టుకుని తటపటాయించింది.

"మొలక పైకి పెట్టాలా నానమ్మా, కిందికా?"

"ఎలా పెట్టినా అదే తిరుక్కుంటాది," అంది గురుబారి. "నువ్వు మన్ను కప్పు."