అన్ని కాపీలూ చెల్లెలికే

పై అంతస్తు దొరల్లారా, ఆ పిల్లను శత్రువు చేతికి అప్పజెప్పబోయింది మీరే. విదేశీ ముఠా కాదు, డబుల్ ఏజెంటూ కాదు. మీరు. ముఠా తన పని తాను చేసింది, అది దాని వృత్తి. మీ పని మీరు చేయలేదు, అది మీ అలవాటు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో లేచి పోకండి.

ఏజెంటు మారుపేరు మేకు. ఎక్కడ దిగగొడితే అక్కడే ఉంటాడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. అతని చెల్లెలు కూడా ఏజెంటే. సరిహద్దు అవతల, శత్రుదేశపు రక్షణ కార్యాలయంలో టైపిస్టుగా చేరి, పీక మీద కత్తి పెట్టుకుని మనకు సమాచారం పంపుతోంది. ఆమె అసలు ముఖం తెలిసింది మన ఆఫీసు బీరువాకే. ఆ బీరువాలోని ఫొటోను ఎవరో మైక్రోఫిల్ముకి ఎక్కించారు. ఆ ఫిల్ము సరిహద్దు దాటితే ఆమెను గోడకు నిలబెట్టడానికి ఒక్క పూట చాలు.

బ్రీఫింగ్ డైరెక్టరు గదిలో జరిగింది. ఫిల్ము వెళ్లేది ఒక చిన్న పుస్తకాల దుకాణం గుండా అని డైరెక్టరు చెప్పాడు. ఏ పెద్ద కంపెనీకీ చెందని దుకాణం. డిటెక్టివ్ నవలలు, దయ్యాల కథలు, గ్రహాంతర యాత్రలు తప్ప ఇంకేమీ అమ్మరు. అక్కడ రచయితలతో సభలు జరుగుతాయి. ఈసారి సభకు ఖర్చు పెట్టుకుంటున్నది అదే శత్రుదేశపు ఎంబసీ సాంస్కృతిక కేంద్రం, నవల అచ్చేసింది ఆ దేశపు ప్రెస్సే. అమ్ముడుపోని కాపీలు సభ అవగానే ఎంబసీ సీలు వేసిన పెట్టెల్లో విమానమెక్కి వాళ్ల దేశానికి వెళ్లిపోతాయి. సీలు పడిన పెట్టెను విమానాశ్రయంలో ఎవడూ విప్పడు. ఫిల్ము పోయేది అందులో.

"అయితే పెట్టెలు పట్టుకుందాం" అన్నాడు మేకు.

"ఎంబసీ సరుకు మీద నువ్వు చెయ్యి వేస్తే, మంత్రిగారు నా కుర్చీ మీద చెయ్యి వేస్తారు. చూడు. ముట్టుకోకు."

పోనీ చెల్లెలిని ముందు వెనక్కి పిలిపించమని అడిగాడు. ఇది నాలుగోసారి అడగడం. ఆమె పంపే సమాచారం చాలా విలువైనదట. పిలిపించే విషయం పరిశీలనలో ఉందట. విలువైనది సమాచారం. మనిషి సంగతి పరిశీలనలో.

రచయిత ఎవరని అడిగితే డైరెక్టరు నవ్వాడు. రిటైరైన లెక్కల మాస్టారట. ముప్ఫై ఏళ్లుగా గూఢచారి నవలలు రాస్తూ ఉన్నాడట, ఇక్కడ ఎవరూ అచ్చెయ్యలేదట. ముఠా ఏరికోరి ఆయన్నే పట్టింది. ఎందుకంటే ఆయన పుస్తకం అమ్ముడుపోదు. ఎంత మిగిలితే అంత సరుకు వెనక్కి పోతుంది.

సభ నడిపేది ఎవరని మేకు అడిగాడు.

సభ నడిపేది నెమలి అనే ఏజెంటు. ముఠాలో పనిచేస్తున్నట్టు నటిస్తుంది గానీ మన మనిషేనని డైరెక్టరు నమ్మకం. ఫిల్ము పుస్తకంలోకి ఎక్కగానే ప్రేక్షకుల్లోంచి మన వాడొకడు లేచి ఒక కోడ్ వాక్యం అడుగుతాడు. 'ఈ కథ ఆలోచన మీకెలా వచ్చింది?' అదీ కోడ్. రచయితల సభకు జన్మలో వెళ్లనివాడు తప్ప ఇంకెవడూ అలాంటి కోడ్ పెట్టడు. ఆ సంగతి మేకుకు ఇంకా తెలియదు.

కవర్, కుర్చీలు వేసే పనివాడు. చేతికి ఒక అంటించుకునే మీసం, కాలరుకు ఒక మైకు, కెమెరా దాచిన ఒక పెన్నూ ఇచ్చి పంపారు.

దుకాణం ఒక లాండ్రీకీ కళ్లద్దాల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంది. లోపల షెల్ఫులకు చక్రాలున్నాయి. సభ రోజున హత్యల్నీ దయ్యాల్నీ గోడకు తోసేస్తే నడుమ జాగా వస్తుంది. దుకాణం నడిపే ఆవిణ్ణి అందరూ అక్క అంటారు. నెత్తి మీదికి నెట్టిన కళ్లజోడు, జుట్టుముడిలో గుచ్చిన పెన్ను, గరుకు గొంతు. మేకు కుర్చీలన్నీ వరసగా పరిచేసరికి ఆవిడకు ఒళ్లు మండింది.

"ఒరే మీసాలూ, అన్నీ తీసెయ్. వచ్చే జనం కంటే తక్కువ వెయ్యాలి. మనిషి వచ్చాక కుర్చీ తేవాలి. ఖాళీ కుర్చీ కనబడితే రచయిత ప్రాణం అక్కడే పోతుంది."

ఒక్క ముందు వరస మిగిల్చి తీసేశాడు. ఇంతలో డిపార్ట్‌మెంటు మనుషులు దిగారు. ఎనిమిది మంది, ఎనిమిది జతల ఒకే రకం బూట్లు. నేరుగా ముందు వరసలో కూర్చున్నారు. ఒక్కడి చేతిలో పుస్తకం లేదు. కొనడానికి బిల్లు శాంక్షన్ కాలేదట. నిజంగా చదివే వాళ్లు ఒక పళ్ల డాక్టరమ్మ, ఒక మాజీ కండక్టరు, ఇంకా గుప్పెడు మంది వచ్చి వెనక నిలబడ్డారు. పుస్తకం చదివినవాడు నిలబడ్డాడు, చదవనివాడు కూర్చున్నాడు. ఇదొక్క దుకాణం గోడు కాదు కదా.

మాస్టారు కొత్త చొక్కాలో వచ్చారు. డబ్బాలోంచి తీసిన మడతలు ఛాతీ మీద అలాగే ఉన్నాయి. నెమలి నీలం రంగు పట్టు దుస్తుల్లో మైకు పట్టుకుని ఆయన్ని ఆకాశానికెత్తింది. ఇంతటి రచయితను ఇన్నాళ్లు గుర్తించని మనమంతా సిగ్గుపడాలంది. మాస్టారు తల వంచుకున్నారు. ఆ పొగడ్తలో ప్రతి ముక్కా నిజమని నమ్మిన మనిషి ఆ గదిలో ఆయనొక్కడే, పాపం.

ప్రశ్నలకు సమయం వచ్చింది. డాక్టరమ్మ చెయ్యెత్తింది. ఈ కథ ఆలోచన మీకెలా వచ్చిందని అడిగింది.

మేకు నిటారుగా అయ్యాడు. బల్ల మీది పుస్తకాల దొంతర వైపు చూశాడు. చూపు తిప్పేలోపే కండక్టరు ముందుకొచ్చి, డాక్టరమ్మ ప్రశ్న వినిపించలేదేమో, అదే అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే ఇంకొకావిడ కూడా అదే. మేకు బుర్ర తిరిగిపోయింది. గోడ పక్కకు జరిగి, వీళ్లేంటక్కా ఒకటే అడుగుతున్నారని గొణిగాడు. ప్రతి సభలోనూ అంతేరా, పదిహేనేళ్లుగా వింటున్నా, ఇంకో ప్రశ్న పుట్టలేదంది అక్క.

కాలర్ మైకులో డైరెక్టర్ని పిలిచాడు. కోడ్ ముగ్గురు చెప్పారు, మన మనిషెవరని అడిగాడు. డైరెక్టరుగారు మీటింగులో ఉన్నారని పీఏ బదులిచ్చాడు. ముగ్గుర్నీ గమనిస్తూ ఉండమన్నాడు.

సంతకాల వరసలో పట్టుమని పది మంది లేరు. నెమలి మాస్టారి పక్కనే నిలబడి, ఒక్కో పుస్తకం మొదటి పేజీ తెరిచి అందించింది. వేళ్లు చకచకా ఆడాయి. ఆ వేళ్లలోంచి ఫిల్ము బల్ల మీద మిగిలిన ఏదో ఒక పుస్తకపు వెన్నులోకి జారే ఉంటుంది. ఎందులోకి? మేకు కెమెరా పెన్ను నొక్కాడు. నొక్కాడు. బ్యాటరీ లేదు.

వరస అయిపోయిందో లేదో సాంస్కృతిక కేంద్రం గుమస్తా పెట్టెలతో దిగాడు. బక్క మనిషి, రూలు మనిషి. ముఠా గొడవ అతనికి తెలియదు. మిగిలిన ప్రతి కాపీ మొదటి పేజీ తెరిచి చూసి పెట్టెలో వేస్తున్నాడు. రెండు కాపీలు పక్కన పడేశాడు.

అవెందుకు తీశావని అక్క అడిగింది.

"సంతకాలున్నాయమ్మా. సంతకం పడిందంటే వాడిన సరుకు కింద లెక్క. ప్రెస్సు వెనక్కి తీసుకోదు."

అక్క తల కొట్టుకుంది. సంతకం చేయించుకుని, కొనకుండా షెల్ఫులో దూర్చి పోయిన మహానుభావులు ఈ ఊళ్లో తక్కువ కాదని తిట్టిపోసింది.

మేకు ఆ రెండు పుస్తకాల వంక చూశాడు. పెట్టెల వంక చూశాడు. తరవాత మాస్టారి వంక చూశాడు. ఆయన గ్లాసులో నీళ్లు తాగుతూ, ఎంతమంది వచ్చారో మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టున్నారు. ఎంబసీ సరుకును తాను ముట్టుకోకూడదు. కానీ తన పుస్తకం మీద సంతకం పెట్టొద్దని రచయితకు ఏ ఎంబసీ చెబుతుంది?

వెళ్లి ఆయన ముందు మోకరిల్లినంత పని చేశాడు. మిగిలినవన్నీ సంతకం చేసిపెట్టమన్నాడు.

అక్క అడ్డం వచ్చింది. వెనక్కి పోకపోతే ఆ కాపీలన్నీ తన మెడకే చుట్టుకుంటాయని ఆవిడ భయం. మేకు ఆవిడ చెవిలో ఒక్క మాట చెప్పాడు.

"అక్కా, ఈ పెట్టెలు కదిలితే మా చెల్లెలు బతకదు."

ఆవిడ అతని ముఖం చూసింది. ఎలా, ఎందుకు అని అడగలేదు. తిన్నగా గుమస్తా దగ్గరికి పోయి లెక్క తేలలేదు, పెట్టెలో వేసినవన్నీ బయటికి తియ్యమంది. సీలు పడేదాకా సరుకు తన బాధ్యతేనంది. గుమస్తాకు రూలు మాట చెబితే చాలు. పెట్టెలు బోర్లించాడు.

పందెం మొదలైంది. ఒక చివర గుమస్తా మళ్లీ తెరిచి చూసి పెట్టెలో వేస్తున్నాడు. ఇంకో చివర మాస్టారు సంతకం. అయితే లెక్కల మాస్టారు కదా, ఊరికే గీకరు. పేరు లేకుండా సంతకం చేస్తే అది పుస్తకం కాదు, కరపత్రం అన్నారు. ఎవరికి రాయమన్నారు.

"మా చెల్లెలికి, మాస్టారూ."

"అన్నీ ఒక్క చెల్లెలికేనా?"

"పుస్తకాలు పోగొట్టుకునే రకం. జాగ్రత్త కోసం."

ఎక్కడుంటుందని అడిగారు. దూరంలో ఉంది, ఇంకా ఇల్లు చేరలేదన్నాడు. మాస్టారు కాసేపు అతన్ని చూసి రాశారు: 'చెల్లెమ్మకు, క్షేమంగా ఇల్లు చేరాలని కోరుతూ'. కింద సంతకం. పొడుగు వాక్యం, గుండ్రటి అక్షరాలు. మేకు పళ్లు కొరుక్కున్నాడు. పొట్టిగా రాయమనడానికి నోరు రాలేదు. మూడో కాపీకే మాస్టారి పెన్ను ఆగిపోయింది. మేకు జేబులోంచి డిపార్ట్‌మెంటు పెన్ను తీసిచ్చాడు. అది రాసే పెన్ను కాదు. దేశ రక్షణకు ఇచ్చిన పెన్ను అటు ఫొటో తియ్యదు, ఇటు అక్షరం రాయదు. అక్క తన జుట్టుముడిలోది లాగి బల్ల మీద విసిరింది.

వెనక నిలబడ్డ వాళ్లు కదిలారు. కండక్టరు టికెట్లు చింపిన వేగంతో పేజీలు తెరిచి పెడుతున్నాడు. డాక్టరమ్మ సంతకమైనవి పక్కకు పేరుస్తోంది. ఇదంతా మాస్టారి మీద అభిమానమే అనుకున్నారు వాళ్లు. మాస్టారు కూడా అదే అనుకున్నారు. ముందు వరసలో ఎనిమిది మందీ కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉన్నారు. చూడమన్నారు, చూస్తున్నారు.

నెమలి మొదట చిరునవ్వుతో నిలబడింది. దొంతర సగానికి వచ్చేసరికి నవ్వు బిగుసుకుంది. మాస్టారు అలసిపోయారు, ఇక చాలు అంది. ముప్ఫై ఏళ్లు ఆగానమ్మా, అలసట లేదన్నారాయన. ఇంకో నాలుగు పోయాయి. అప్పుడు ఆమె చెయ్యి చాచింది. జనం పుస్తకం తీస్తే పైనుంచి తీస్తారు. ఆమె చెయ్యి దొంతర మధ్యలోకి దూరి, అడుగున ఉన్న ఒకదాన్ని లాగింది.

ఇది తాను కొంటానంది. ఆ మాట కోసమే మేకు అక్కడ దిగబడి ఉన్నాడు. అక్క బిల్లు కొట్టి రసీదు చింపి చేతిలో పెట్టింది. ఇప్పుడది ఎంబసీ సరుకు కాదు. ఒక మామూలు మనిషి కొనుక్కున్న మామూలు పుస్తకం. దానికి ఏ సీలూ అడ్డం లేదు.

ఆమె తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది. మేకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మాస్టారి సంతకం మర్చిపోయారు."

పుస్తకం లాక్కుని వెన్ను విరిచాడు. గోరంత ఫిల్ము అరచేతిలో పడింది. కండక్టరు ఏమీ అర్థం కాకపోయినా షట్టరు దించేశాడు. దొంగను దిగనివ్వకూడదన్నది పాత అలవాటు.

నెమలి అప్పుడు చిమ్మిన విషం మేకు మీద కాదు. ముసలాయన మీద.

"నీ పుస్తకం ఎవడూ కొనడనే నిన్ను ఏరుకున్నాం. తెలుసా?"

మాస్టారి చేతిలో పెన్ను ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆయన పక్కనున్న దొంతర వంక చూసి, "ఇవాళ ఒక్కటీ మిగల్లేదు కదమ్మా" అన్నారు. అని తరవాతి పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

కళ్లద్దాల షాపు నుంచి అరువు తెచ్చిన భూతద్దం కింద ఫిల్ము చూశారు. చెల్లెలి ముఖం. ఫొటో మూల మీద గుండ్రటి స్టాంపు. ఎవరిదో చెప్పనా? మీదే. మీ బీరువాది, మీ రబ్బరు స్టాంపు.

ఆ వెంటనే డైరెక్టరు మీటింగు ముగిసింది. నెమలి మన మనిషి, గౌరవంగా పంపించండని ఫోను వచ్చింది. ముందు వరస అప్పుడు లేచింది. ఎనిమిది జతల బూట్లూ ఆమెను సాగనంపాయి. ఆమె వెళ్లింది డైరెక్టరుగారి కారులో. ఫిల్ములోని చెల్లెలి ముఖం ఆమె చూసింది. ఫిల్ము మన చేతిలో ఉన్నా కళ్లు ఆమెవే. గీసి చూపించడానికి ఎన్నాళ్లు పడుతుంది?

కాబట్టి ఎంక్వైరీ కమిషన్ వద్దు. మేకుకు మెడల్ వద్దు, అది పెట్టుకునే చొక్కా కూడా మీరివ్వలేదు. బీరువాలోంచి ఫొటో తీసిన చెయ్యి ఎవరిదో తేల్చండి, కానీ అది రేపు. ఇవాళ చేయాల్సింది ఒక్కటే. ఆ పిల్లను వెనక్కి పిలవండి. పరిశీలించకండి. పిలవండి. అక్క దుకాణంలో గది సగం ఆమెకని రాసిన పుస్తకాలే ఉన్నాయి. వచ్చి తీసుకుపోమనండి, వచ్చే సభకు కుర్చీలు వేసుకోవాలి.