పసుపు నీళ్ల ఆపరేషన్

"సూర్యాపేట టీమ్ మొత్తాన్ని కోదాడకు పంపిన్రా మేడమ్? సరుకు గీడ మిర్యాలగూడల ఉన్నది!" ఏజెంట్ ముఖేష్ ఫోన్‌లో గొంతు చించుకున్నాడు.

"మన ఏజెంట్ లాస్య ఇచ్చిన సమాచారం," అంది చీఫ్ శైలజ. "ఆమె డబుల్ ఏజెంట్ అని ఇప్పుడే తెలిసింది. ఇగ నువ్వొక్కడివే. ఆ డబ్బా దేశం దాటొద్దు."

చెప్పడం ఎంత తేలిక! విదేశీ ముఠా మన ల్యాబ్‌లోంచి కొట్టేసిన పౌడర్ అది. లిథియం, నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్. సబ్‌మెరైన్ బ్యాటరీకి ప్రాణం. ఆక్సిజన్ పట్టిస్తూ ఎనిమిది వందల డిగ్రీల్లో కాలిస్తే లోహాలు పొరలు పొరలుగా సర్దుకుంటాయి. ఆ అమరికే రహస్యం. తడి తగిలిందా, లిథియం బయటికొచ్చి అమరిక చెడుతుంది. కొట్టేసింది ఇంకా కాల్చని సరుకు కాబట్టి, ఆ పనికి ముఠా ఓ పాత రైస్‌మిల్లును రంగుల కంపెనీ పేరుతో కిరాయికి తీసుకుంది.

మిల్లు దారి నిండా ధాన్యం ట్రాక్టర్లు. "ఛీ, నా ఖర్మ!" జీపు వదిలేసి పరుగెత్తాడు. ధాన్యం బ్రోకర్ వేషానికి పెట్టుకున్న మీసం చెమటకు ఊడి చేతికొచ్చింది. గేటు దగ్గర ముఠావాళ్లు పెన్ పిస్టల్ లాక్కుని, రెక్కలు పట్టి లోపలికి ఈడ్చుకెళ్లారు.

పళ్లెంలో అప్పటికే కాల్చి చల్లార్చిన నల్లటి పౌడర్. విదేశీయుడు స్టీలు డబ్బా మూత తీస్తున్నాడు. ఎర్రచీరలో మెరిసిపోతున్న లాస్య, మిల్లు యజమాని లక్ష్మీనర్సయ్యకు అనుమానం రాకుండా, "ఈ బ్రోకర్ని పక్కన కూర్చోబెట్టండి," అంది.

ముఖేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత ట్రైనింగ్ తీసుకుని ఒక్క డబ్బాను ఆపలేడా? కసిగా యజమాని వైపు తిరిగాడు. పాపం, ఆయన అవి రంగులనే నమ్ముతున్నాడు.

"సేటూ! తొలి సరుకు పూజ లేకుండనే గడప దాటుతున్నదా?"

సేటు ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో! మా మిల్లుల గిట్ల ఎన్నడన్న జరిగిందా? రంగనాయకమ్మా, పసుపు నీళ్లు తే!"

"వద్దు! తడపొద్దు!" లాస్య కెవ్వుమంది.

"వద్దంటే ఎట్లనమ్మా? నాలుగు చుక్కలు సల్లుత, అంతే." సేటు అంటుండగానే ఆయన భార్య చెంబుతో రానే వచ్చింది.

విదేశీయుడు పౌడర్‌ను డబ్బాలోకి ఒంపి, మూత పెట్టబోతూ, నీళ్లు చల్లకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెంబు తిరగబడింది. నీళ్లన్నీ డబ్బాలోకే పోయాయి.

"నా భార్య చెయ్యి పట్టుకుంటవా?" సేటు కేక వేశాడు. పక్క గోదాముల్లోని హమాలీలంతా ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు.

ముఖేష్ గోడకు ఆనుకుని ఫోన్ తీశాడు.

"పౌడర్ ఖతం మేడమ్. కోదాడకు పోయిన టీమ్‌ను జర జల్ది గీడికి పంపుర్రి."

"నీకేమన్నా అయిందా?"

"నాకేం కాలేదు. హమాలీల చేతుల్నుంచి ఈ ముఠావాళ్లను కాపాడాలె."