వెనక కిటికీ దగ్గర మిరప ఘాటు

నరసరావుపేట శివార్లలో ఒక జెడ్పీ హైస్కూలుంది. పేరు చెప్పను... చెబితే ఉన్న పిల్లలు కూడా పోతారు. కాస్త ఉన్నోళ్ళంతా పసుపు బస్సులెక్కుతారు. ఇక్కడ మిగిలేది కూలోళ్ళ పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు, మిరప కోతలకొచ్చి ఇక్కడే ఆగిపోయినోళ్ళ పిల్లలు.

ఆ బళ్ళో చివరి గది. దాని వెనక కిటికీ దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు.

బడి కట్టిన కొత్తలో లీలావతి అనే పిల్ల పది చదివేదంట. పరీక్షల ముందు ఇంట్లోవాళ్ళు కోతకి తీసుకుపోయారు. తిరిగొస్తుంటే ట్రాక్టర్ బోల్తా పడి చచ్చిపోయింది. ఒంటిమీద నీలం పావడా, తెల్ల ఓణీ — అప్పటి యూనిఫారం. పొలం నుంచి నేరుగా రాత్రి స్టడీ అవర్‌కి పోవచ్చని అదే వేసుకుని పోయిందంట, పిచ్చిది.

అప్పట్నించీ కోతల కాలమొస్తే ఆ కిటికీలోంచి మిరప ఘాటు కొడతది. చుట్టుపక్కల ఒక్క కళ్ళం లేదు. అయినా...

ఇదంతా నాకు చెప్పింది మా పక్కింటి సాదియా. పోయినేడు పది చదివింది. ఇల్లంతా ఒకటే గది, అందులోనే టీవీ. స్టడీ అవర్ లేకపోతే దానికి చదువే లేదు. ఫెయిలైతే కోతలకేనని వాళ్ళమ్మ ముందే చెప్పేసింది.

ఒక రాత్రి లెక్కలు జరుగుతుంటే ఘాటొచ్చింది. ముందు ఒకరు దగ్గారు. తర్వాత బెంచీ బెంచీ దగ్గింది. "లీలావతే!" అని ఎవరో కేకేశారు. అందరూ గేటు దాకా పరుగు.

ఇమ్మానుయేల్ సారుకి ఒళ్ళు మండింది. "ఇంకొక్కసారి ఉరికారంటే స్టడీ అవర్ బంద్. మీ ఇళ్ళల్లోనే ఏడవండి!"

నాలుగు రోజులు ఘాటొచ్చినా నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఐదో రాత్రి మరీ ఎక్కువైంది...

ఎవరూ లేవకముందే సాదియా లేచింది. "సార్, మంచినీళ్ళు."

గది చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. ట్యూబ్‌లైటు వెలుగు కిటికీ ఊచల్లోంచి బయట పడుతోంది. దాని కింద గోడకి ఆనుకుని... ఒక ఆకారం. తల కదిలింది.

"ఎ... ఎవరే?"

"అరవమాకక్కా. మానసని. వెల్దుర్తి నుంచి కోతలకొచ్చాం. మా ఊళ్ళో పదే చదువుతున్నా... మధ్యలో తీసుకొచ్చారు."

చేతులు, జుట్టు, చొక్కా — అంతా మిరప దుమ్ము. పని దిగి, ఇంటికి పోకుండా పాఠం వింటంది.

"నువ్వా! నీ మూలాన బడంతా ఉచ్చ పోసుకుంటంది గదే!" సాదియాకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "లే. లోపలికొచ్చి కూర్చో. సారుతో నేను చెబుతా."

మానస లేచింది. దులుపుకుంది. ఆగింది.

"మరి ఆ పిల్ల?"

"ఏ పిల్లే?"

"రోజూ నా పక్కన కూర్చుంటదే... మీ బడి పిల్లే. పలకదు. పాఠం అయిపోగానే లేచి పోతది." గొంతు తగ్గించింది. "అవునక్కా... దాని ఒక్కదాని యూనిఫారం నీలమేంది?"

సాదియా గోడ వైపు చూసింది. సున్నం మీద మానస వీపు ఆనిన చోట ఎర్రటి మరక. దాని పక్కనే... ఇంకోటి.

లోపలికి పోయి, "దెయ్యం లేదు సార్. కోతల పిల్ల, పాఠం వింటంది" అని మాత్రం చెప్పింది. రెండో మరక సంగతి చెబితే స్టడీ అవర్ ఆగిపోద్ది.

ఆ రోజు నుంచి మానస లోపలే కూర్చుంది, శుభ్రంగా స్నానం చేసొచ్చి. కిటికీ పక్క బెంచీలో సాదియా.

ఘాటు మాత్రం ఆగలేదు. అది వచ్చినప్పుడల్లా సాదియా దగ్గు బిగబట్టుకుని, పాఠం కాస్త గట్టిగా చదివేదంట... బయటికి వినపడేటట్టు.