ఎండకు పట్టిన ఫిల్టరు

పెళ్ళయి నాచారం వచ్చిన సూర్యకళకు ఆ ఇంట్లో అన్నీ ముచ్చటగానే ఉండేవి. పుస్తెలతాడుకు ఇంకా పోని పసుపు వాసన, ఫ్యాక్టరీకి వెళ్తూ భర్త ఉమాపతి పనేమీ లేకపోయినా గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరగడం, పెసరట్టు చుట్టూ నెయ్యి చిటపటలాడడం. అన్నిటికంటే ముచ్చట, ఆదివారం పొద్దున మామగారి కారు సేవ.

అచ్యుతరావు రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన పాత ఫియట్ ఉండేది. ఎనభై ఎనిమిది వేసవి అది. పైపుల కోసం రోడ్లన్నీ తవ్విపోశారు. ఎక్కడ చూసినా దుమ్మే. ఆయన వారం వారం బానెట్ ఎత్తి, గుండ్రటి డబ్బా మూత విప్పి, ఇంజనులోకి పోయే గాలిని వడగట్టే కాగితపు ఫిల్టరు బయటికి తీసేవాడు. చీర కుచ్చిళ్ళలా మడతలు మడతలుగా ఉండేదది. అరుగు అంచుకు మెల్లగా తట్టి దుమ్ము దులిపి, ఎండకు ఎత్తి చూసేవాడు.

"మడతల నడుమ వెలుతురు కనిపిస్తే మంచిగున్నట్టు బిడ్డా. లేకపోతే ఇంజనుకు ఊపిరాడది. కొత్తది కొనేటప్పుడు గూడ గంతే. ఎండకు పట్టి చూడాలె, అంచు రబ్బరు మెత్తగున్నదా లేదా నొక్కి చూడాలె. సస్తాగ వస్తున్నదని తెస్తే సందులకెల్లి దుమ్మంత లోపలికే పోతది."

"గా ధ్యాసల సగం నా మీద పెడితే నేనెప్పుడో లేచి ఉరుకుదును," అని లోపల మంచం మీద నుంచి అత్తగారు తారామణి దెప్పేది.

"నీ కోసమే గదనే ఈ తిప్పలు!"

అది నిజమే. అత్తగారిది ఆయాసం జబ్బు. ఏ పూట ఎగపోస్తుందో తెలియదు. ఆ గల్లీలోకి పిలిచినప్పుడు ఆటో రాదు. దవాఖానాకు వెళ్ళాలంటే ఫియటే దిక్కు.

ఒక శనివారం మామగారు ఉప్పల్ వెళ్ళారు. సూర్యకళకు సంబరమైన ఆలోచన వచ్చింది. ఆయన చేసినట్టే మూత విప్పి, ఫిల్టరు తీసి, సబ్బు నురుగులో ముంచి, నల్లనీళ్ళు పోయేదాకా జాడించింది. కూనిరాగం తీస్తూ పిట్టగోడ మీద ఎండబెట్టింది. ఎండాక కొంచెం బిగుసుకుపోయినట్టు అనిపించింది. కొత్త చీరైనా మొదటి ఉతుకుకు ముడుచుకుంటుంది కదా అనుకుని, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

మర్నాడు అచ్యుతరావు దాన్ని తీసి తట్టాడు, ఎండకు పట్టాడు. సూర్యకళ ఊపిరి బిగబట్టి చూసింది.

"వెలుతురు మంచిగ కనిపిస్తున్నది," అన్నాడాయన.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఎప్పుడో తీరిగ్గా చెప్పి మెప్పు పొందాలని ఆ సంగతి మనసులోనే దాచుకుంది.

మంగళవారం ఉమాపతి పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిన కాసేపటికి తారామణికి ఎగపోత మొదలైంది. కోడలు ఒళ్ళో తల పెట్టించి, మామగారు కారు తీశాడు. మొదటి నుంచీ కారు ముక్కుతూనే ఉంది. వెనక నల్లటి పొగ. హబ్సిగూడ చేరకముందే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను లేవలేదు. తారామణి పెదవులు నీలంగా మారుతున్నాయి. సూర్యకళ రోడ్డు మధ్యకు పరిగెత్తి చేతులు అడ్డం పెట్టింది.

పాల క్యాన్ల ట్రాలీ ఆపి సాంబయ్య అనే ఆయన దిగాడు. "అయ్యో, పెద్దమ్మ గిట్లయిపాయె! ఎక్కించున్రి సార్, జర జల్ది!"

ఆ క్యాన్ల మధ్యే ఆమెను తీసుకువెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం దక్కింది కానీ, ఇకముందు ఆ కాస్త లేచి తిరగడం కూడా కష్టమేనని డాక్టరు చెప్పాడు.

కారును తోయించి ఇంటికి తెచ్చారు. మర్నాడు పొద్దున ఉమాపతి షెడ్డు దగ్గరే తండ్రిని నిలదీశాడు.

"అమ్మెయ్యమని ఎన్నిసార్లు చెప్పిన బాపూ! వారం వారం తుడుసుకుంట కూసుంటివి. ఏం ఫాయిదా? అమ్మ పాణం మీదికి తెచ్చినవ్!"

అచ్యుతరావు బానెట్ ఎత్తాడు. మూత విప్పి ఫిల్టరు తీశాడు. వేళ్ళతో తడిమాడు. మడతలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా ఉన్నాయి. చాలాసేపు తడుముతూనే ఉన్నాడు.

"తప్పు నాదే," అన్నాడు.

"కాదు మామయ్యా!" సూర్యకళ ముందుకొచ్చింది. "శనివారం నేను సబ్బు పెట్టి ఉతికిన. మీరు సంతోషపడ్తరనుకున్న."

"కాగితాన్ని ఉతికినవా? డిగ్రీ చదివినవు గదా!" ఉమాపతి ఆమె మీదికి తిరిగాడు.

"దాన్ననకురా. చిన్నపిల్ల, దానికేం తెలుసు? ఆదివారం నేను చూడలేదా?"

సూర్యకళకు అప్పుడు తట్టింది. వెలుతురే దూరని ఆ ఫిల్టరును ఎండకు పట్టి, ఆయన ఏమన్నాడో.

"మామయ్యా... కనిపిస్తున్నదన్నరు గదా?"

అచ్యుతరావు ఫిల్టరును గుండెలకు ఆనించుకున్నాడు. "కనిపించక చానా దినాలాయె బిడ్డా. ఎండకు పడితే అంత తెల్లగ మసకనే. అలవాటుకొద్ది అంటున్న. రోడ్డు మీద కారు గూడ అలవాటుకొద్దే నడుపుతున్న. చెప్తే తాళంచెవి గుంజుకుంటరు. మరి మీ అత్తను ఎవలు తీస్కపోవాలె?"

ఉమాపతి తండ్రి కళ్ళలోకి చూశాడు. ఆదివారం పొద్దున తాను ఎప్పుడూ ముసుగు తన్ని పడుకునే ఉన్నాడు. షెడ్డు దాకా ఒక్కనాడూ రాలేదు. మెల్లగా వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"తాళంచెవి నాకియ్యి బాపూ. నడుపుడు నేర్చుకుంట. నువ్వు పక్కన కూసొని చెప్పు."

అచ్యుతరావు జేబులోంచి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. కానీ వెంటనే వదల్లేకపోయాడు.

తారామణి ఇంటికొచ్చాక మొదటి ఆదివారం కొత్త ఫిల్టరు తెచ్చారు. అచ్యుతరావు అంచు రబ్బరు చుట్టూ నొక్కి చూసి, తృప్తిపడి, కోడలికి అందించాడు. లోపలి నుంచి దెప్పే మాటలేవీ రాలేదు. బరువైన ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

సూర్యకళ ఫిల్టరు ఎండకు పట్టింది.

"కనిపిస్తున్నదా బిడ్డా?"

ఆయన కూడా అదే ఎండలోకి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగి మడతలన్నీ కలిసిపోయాయి.

"ఒక్క నిమిషం మామయ్యా," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎత్తింది. ఆ ఇంట్లో ఇకమీదట ఎవరూ 'కనిపిస్తున్నది' అన్న మాట చూడకుండా అనకూడదు.