రోడ్డు అంచుకు గండి

ఎడారి ఊరు టూసాన్‌లో జూన్ ఎండంటే కుక్కలు కూడా గడప దాటవు. అలాంటి శనివారం పొద్దున్నే సిమెంటు కోసే మిషన్ రొద పెడితే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది? అమ్మమ్మ ఇంట్లో కొత్తగా దిగిన ఎఫ్రేన్ చెప్పుల్లేకుండానే వీధిలోకి ఉరికి, కాళ్లు చురుక్కుమనేసరికి గెంతాడు.

"ఏమండీ! మా ఇంటి ముందు రోడ్డు అంచు గట్టు కోస్తున్నారేంటి?"

మిషన్ పట్టుకున్న అమ్మాయి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది. ఒళ్లంతా సిమెంటు దుమ్ము. అయినా ఎంత బాగుందో!

"వాన నీళ్లు లోపలికి రావాలిగా."

"మా ఇంట్లోకా?"

"చెట్టు గుంటలోకి, మహానుభావా! మీ అమ్మమ్మగారు నిన్ననే సరేనన్నారు."

ఆమె పేరు డెల్ఫీనా. ఆ వీధిలోనే పుట్టింది. రోడ్డు మీద వృథాగా పారిపోయే వాన నీళ్లు మళ్లించి, ఎడారిలోనూ బతికే మెస్కీట్ చెట్లు పెంచి, మండిపోయే వీధికి నీడ తేవాలని ఆమె పట్టుదల. ఈ ఒక్క గండి పనిచేస్తేనే మిగతా ఇళ్లవాళ్లు ఒప్పుకుంటారట. లేదంటే పూడ్చెయ్యాల్సిందే.

ఆ రోజు నుంచే ఎఫ్రేన్ ఆమెకి జీతంలేని కూలీ అయ్యాడు. ఆమె పార పట్టే తీరు, గుంటలో నాటిన మొక్కతో కబుర్లాడే తీరు చూసి మురిసిపోయాడు. మెప్పు కొట్టేద్దామని, ఆమె చూడకుండా గండి నోట్లో తెల్లటి గులకరాళ్లు ముచ్చటగా పేర్చాడు.

జూలైలో తొలి వాన పడింది. తొలి వానకి ఆ ఊళ్లో ఎవరూ ఇంట్లో కూర్చోరు. ఎడారి పొదలు తడిసిన వాసన కమ్ముకుంటుంటే, వీధి వీధంతా వరండాల్లోకి వచ్చేసింది. నీళ్లు ఉరకలేస్తూ వచ్చి, గుంటలోకి దిగకుండా గండిని దాటుకుని రోడ్డు వెంటే పోయాయి.

"ఇంక పూడ్చెయ్ తల్లీ!" ఎదురింటి పెద్దాయన డాన్ నబోర్ కేకేశాడు.

డెల్ఫీనా ముఖం పాలిపోయింది. పరుగున వచ్చి వంగి చూసింది. "ఈ రాళ్లెవరు పెట్టారు? రోడ్డు కంటే ఎత్తుగా ఉంటే నీళ్లు ఎక్కి వస్తాయా?"

"నేనే. అందంగా ఉంటుందని..."

"అందమా! అందరి ముందూ నా పరువు తీశారు కదండీ!"

ఎఫ్రేన్ గబుక్కున మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో రాళ్లు పీకడం మొదలుపెట్టాడు. తిట్టుకుంటూనే ఆమె పక్కన కూర్చుంది. ఆఖరి రాయి ఊడగానే నీళ్లు గలగలా గుంటలోకి దూకాయి. గుంట నిండింది. అమ్మమ్మ గడప పొడిగానే ఉంది.

వరండాల్లో చప్పట్లు మోగాయి. "వచ్చే వారం మా ఇంటి ముందు కొయ్యి తల్లీ!" అందరికంటే ముందు అరిచింది డాన్ నబోరే.

డెల్ఫీనా నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వానలో తెలియలేదు.

"నీళ్ల సంగతి నాకేం తెలీదు డెల్ఫీనా," అన్నాడు ఎఫ్రేన్. "నువ్వంటే ప్రాణమని మాత్రం తెలుసు."

"అది వీధిలో అందరికీ తెలుసులే." అతని బురద చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. "నాకు చెప్పడానికే నీకు ఇన్నాళ్లు పట్టింది!"