తూర్పు గాజుగదిలో చెక్కసుత్తి

కాలువ ఒడ్డునున్న ఆ బొటానికల్ గార్డెన్‌లో తూర్పు గాజుగదికి చెడ్డపేరుంది. చీకటిపడితే తోటమాలులు ఎవరూ అటు తొంగిచూడరు. ముప్ఫై ఏళ్ల కింద ట్యూనిస్ అనే ముసలి తోటమాలి అక్కడే, మొక్కల మధ్యే ప్రాణం వదిలాడట. అప్పట్నుంచీ రాత్రుళ్లు మట్టికుండీల మీద చెక్కసుత్తి చప్పుడు... ఎండిన కుండీ ఖంగుమంటుంది, తడిది మొద్దుగా పలుకుతుంది — నీళ్లు పోయాలో వద్దో ఆయన అలాగే తేల్చేవాడు.

కొత్తగా చేరిన ఫెమ్కే మాత్రం ఈ కబుర్లు విని నవ్వేది. చేరి మూడు నెలలే, నవ్వక ఏం చేస్తుంది.

పెద్ద తోటమాలి ఆర్నౌట్ సెలవు మీద వెళుతూ ఆమెకో దుంపను అప్పగించాడు. తాబేలు డిప్పలా ఉంటుంది. రెండొందల ఏళ్ల కింద దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి ఓడలో వచ్చింది, తోటలో అంతకన్నా పాత మొక్క లేదు. దీనికేమన్నా అయితే నీ ఉద్యోగాన్ని నేను కాపాడలేనని నవ్వకుండా చెప్పి మరీ వెళ్లాడు.

వారం తిరక్కుండానే దాని మీది తీగ పసుపెక్కి రాలిపోయింది. నీళ్లు చాలలేదనుకుంది ఫెమ్కే. రోజుకు రెండుసార్లు నీళ్లు పోసింది. ఎండాకాలం ఆ దుంప నిద్రపోతుందనీ, అప్పుడు తడి తగిలితే కుళ్లుతుందనీ పాపం ఆమెకు తెలియదు.

ఆర్నౌట్ తిరిగొచ్చే ముందురాత్రి నిద్రపట్టక, టార్చి పట్టుకుని ఆ దుంప ఉన్న తూర్పు గాజుగదికి ఒంటరిగా వచ్చింది.

లోపల అడుగుపెట్టిందో లేదో — చివరి వరసలో... టక్.

ఆగింది. మళ్లీ... టక్.

ఒక్కో కుండీ దాటుకుంటూ చప్పుడు ఇటే వస్తోంది. మనిషి జాడ లేదు. ఫెమ్కే టార్చి ఆర్పేసింది. దుంప ఉన్న బల్ల కిందికే దూరి కళ్లు మూసుకుంది.

చప్పుడు సరిగ్గా ఆమె నెత్తిమీదికే వచ్చింది. దుంప కుండీ మొద్దుగా పలికింది. ఆ తర్వాత చెవి పక్కనే ఎవరో నిట్టూర్చారు.

"తాగించి చంపుతున్నావే, పిల్లా..."

అంతే. ఆపైన ఆమెకేమీ గుర్తులేదు.

తెల్లారి, సెలవు ముగించుకుని వచ్చిన ఆర్నౌట్ ఆమెను తట్టి లేపాడు. బల్లమీద దుంప కుండీలోంచి బయటికి తీసి ఉంది. కుళ్లినంతమేరా చాకుతో కోసి, కోసినచోటల్లా బొగ్గుపొడి అద్ది, ఆరబెట్టి ఉంది. ఆర్నౌట్ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, ఇంకొక్కరోజు ఆలస్యమైతే పోయేదేనన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఈ ఎడమచేతి కోత నీకెవరు నేర్పారమ్మాయ్? ట్యూనిస్ ఒక్కడే ఇలా కోసేవాడు..."

ఫెమ్కేది కుడిచేతివాటం. మెల్లగా తన చేతులు చూసుకుంది. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. ఎడమచేతి గోళ్లనిండా బొగ్గు.