వెండినీళ్ళ కొలత

అన్యాయమైపోయింది ఓనా ప్రాట్. 1998 నవంబరు పద్నాలుగున పోయింది. పోయేనాటికి ఆమె ముఖం, మెడ, గోళ్ళ మొదళ్ళు సీసం రంగుకి తిరిగిపోయాయి. చర్చిలో చివరి బల్ల మీద కూడా కూర్చోలేక ఆఖరి రెండేళ్ళూ ఇంట్లోనే దాక్కుంది. నాలుగేళ్ళపాటు మందని చెప్పి రోజుకో గ్లాసు వెండినీళ్ళు పట్టించింది స్వయానా వదిన డెల్ఫా. మందు పోసిన చేత్తోనే శవపేటిక మీద పూలూ పెట్టింది. ఐడహో కొండల్లో జనం డాక్టర్ని నమ్మరు, ప్రభుత్వాన్ని నమ్మరు. సీసాలో ఏదో పోసిచ్చిన పక్కింటి మనిషిని మాత్రం కళ్ళు మూసుకుని నమ్ముతారు.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో డెల్ఫా మనవరాలు ఐవీకి చెవిపోటు వచ్చింది. ఐదు నెలల పసిగుడ్డు. తండ్రి దుంగల లారీ మీద వెళ్ళి నాలుగు రోజులు. రోడ్డు మంచు కింద ఉంది. డెల్ఫా రెండు వెండి తీగలు, మూడు బ్యాటరీలు, ఒక గాజు జాడీ పెట్టుకుని తీగల వెండి నీళ్ళలోకి దిగేలా రాత్రంతా కాచింది. పొద్దున్నే చెంచా పట్టుకుని తయారైంది.

"కొలవకుండా నా పిల్లకి ఒక్క చుక్క కూడా పట్టనివ్వను అత్తయ్యా," అంది కోడలు మార్లిస్.

"కొలుద్దాం! నీ కళ్ళెదురుగానే కొలుద్దాం. నిన్నగాక మొన్న తల్లివయ్యావు, నాకు వైద్యం నేర్పుతావా?"

పెన్నులాంటి మీటరు జాడీలో ముంచింది. పది అని చూపించింది.

"చూశావా? పది లక్షల పాళ్ళ నీళ్ళకి పది పాళ్ళ వెండి. అంతే."

"ఓనా అత్తమ్మకీ పదేగా చెప్పారు?"

డెల్ఫా మూతి బిగిసింది. "ఆ మాట ఎత్తకు. అది మీ అత్తమ్మ ఒంటి తత్వం. రా, ఎర్రదీపం వేసి చూపిస్తాను. అప్పుడైనా నోరు మూస్తావేమో!"

ఎర్రదీపం, అంటే లేజరు, పరీక్షకి కటిక చీకటి కావాలి. సన్నటి వెలుగుని నీళ్ళలోంచి పంపితే, వెండి ఉన్నచోట గీతలా కనిపిస్తుంది. ఉత్త నీళ్ళలో ఏమీ కనిపించదు. ఇంట్లో ఏ గది చూసినా మంచు మెరుపే. చీకటి దొరికేది పెరట్లో, ఇంటి గోడ పక్కనే నేలకింద తవ్విన దుంపల కొట్టులోనే. పిల్ల పొయ్యి పక్కన ఊయలలో నిద్రపోతోంది. పదకొండున్నర అయింది. అయిదు నిమిషాల పని.

తొమ్మిది మెట్లు. తడిమట్టి వాసన, మొలకెత్తిన బంగాళాదుంపల వాసన, దాని అడుగున ఎక్కడో నాణేలు అరచేతిలో చెమర్చినప్పుడు వచ్చే వాసన. డెల్ఫా నేలబారు తలుపుని నెత్తిమీదకి లాగి మూసింది. తన చెయ్యి తనకి కనబడలేదు.

మార్లిస్ దీపం నొక్కింది. ఉత్త నీళ్ళ సీసాలో ఏమీ లేదు. ఎదురుగోడ మీద చిన్న ఎర్రచుక్క, అంతే. మందు జాడీలోకి తిప్పింది. మోకులాగా లావుపాటి ఎర్రగీత లేచింది.

"ఆహా! ఎంత చిక్కగా ఉందో!" అంది డెల్ఫా, పులుసు రుచి చూసినట్టు.

"ఇంత చిక్కగా ఉంటే పదెలా అవుతుంది అత్తయ్యా? ఆ మీటరు కరిగినదాన్నే లెక్కపెడుతుంది. కరగకుండా తేలే వెండి దానికి తెలీదు. రాత్రంతా కాచినా పదే అంటుంది. మీటరు డబ్బాలో కాగితం ఉంది. మీరు చదవలేదా?"

 పైన ఏదో జారింది. ఇంటి రేకుల మీద పేరుకున్న మంచు మొత్తం ఒక్కసారిగా జారి, ఆకాశం బోర్లపడ్డట్టు దబ్బుమని తలుపు మీద పడింది.

ఇద్దరూ భుజాలు పెట్టి తోశారు. తలుపు కదల్లేదు. గోళ్ళు విరిగాయి. మళ్ళీ తోశారు.

అప్పుడు వినబడింది. పైన, చాలా దూరంలో, ఐవీ ఏడుపు.

"అమ్మా... వస్తున్నానమ్మా... వస్తున్నా!" మార్లిస్ తలుపుని తలతో గుద్దింది. ఏడుపు పెరిగింది. గుక్క తిరగని ఏడుపు. ఉన్నట్టుండి... ఆగిపోయింది.

సన్నగిల్లలేదు. ఆగిపోయింది.

మార్లిస్ చేతిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. జాడీ వైపు కాదు, మెట్ల వైపు తిరిగి ఉంది. ఉత్త గాలిలో ఎర్రగీత కనిపిస్తోంది. లావుగా. కానీ అది మెట్లదాకా వెళ్ళడం లేదు. సగంలో తెగిపోయింది. ఎర్రచుక్క గాలిలో వేలాడుతోంది... మనిషి ముఖం ఎత్తులో. అది కొంచెం ముందుకొచ్చింది. కొంచెం వెనక్కెళ్ళింది. ఊపిరి తీసుకుంటున్నట్టు.

"ఎంత, వదినా?"

గుసగుసే. నాణేల వాసన ముక్కు పగిలేలా ఉంది.

"పది," అంది డెల్ఫా. అలవాటైన నోరు.

పైన తలుపు చెక్కలు కిర్రుమన్నాయి. మట్టి రాలింది.

"ఎంత?"

"పది అన్నానుగా ఓనా! మీటరే చెప్పింది!"

చెక్కలు కిందికి వంగాయి. ఎర్రచుక్క జానెడు దగ్గరకొచ్చింది. మార్లిస్ అత్తగారి గౌను మెడ దగ్గర పట్టుకుంది.

"మీకు తెలుసు! మీకేదో తెలుసు! చెప్పండి. పైన నా పిల్ల ఉంది. మీ పరువు తగలెయ్య, చెప్పండి!"



"రెండొందల పన్నెండు," అంది డెల్ఫా ఆఖరికి. గొంతు ముసలిదైపోయింది. "ఓనా పోరితే ఒక సీసా పరీక్షకి పంపించాను. కాగితం వచ్చింది. రెండొందల పన్నెండు అని. పొయ్యిలో పడేశాను. పదే వచ్చిందని చెప్పాను... ఆ తర్వాత ఏడాదిన్నర పోశాను. అప్పటికే రెండున్నరేళ్ళు పోసినదాన్ని, తప్పని ఒప్పుకుంటే ఊళ్ళో నా ముఖం ఏమవుతుంది?"

"మీ ముఖమా?" అంది మార్లిస్.

ఎర్రచుక్క ఒక్కసారి జారి మెట్ల గోడ మీద పడింది. మధ్యలో ఎవరూ లేరు.

ఈసారి ఒంటిచేత్తో తోస్తే తలుపు లేచింది. దాని మీద గుప్పెడు మంచు కూడా లేదు. చుట్టూ వాళ్ళిద్దరివి తప్ప అడుగుల గుర్తులూ లేవు.

మార్లిస్ పరుగెత్తింది. వంటింటి గడియారం మూడూ పది చూపిస్తోంది. కొట్టులో ఉన్నది అరగంటే అనుకుంది. ఐవీ ఊయలలో మెలకువగా ఉంది. జ్వరం లేదు. ఏడుపు లేదు. పొట్ట డోలులా బిగిసి ఉంది, పెదాలు చప్పరిస్తోంది. పొడిగుడ్డ కొత్తగా కట్టి ఉంది.

మార్లిస్ ఫ్రిజ్ తెరిచింది. పొద్దున నింపి పెట్టిన పాలసీసాలు నాలుగు. నాలుగూ నిండుగానే ఉన్నాయి.

పిల్ల బరువు చాలడం లేదని, ఏ పూట ఎంత తాగిందో రాసుకోమని నర్సు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంది. పొద్దున ఏడింటి లెక్క మార్లిస్ రాసింది. దాని కింద ఇంకెవరిదో వాలురాత, నీలం పెన్సిలుతో, ఇంకా రాని పూట లెక్కతో సహా.

"ఇది మీరు రాశారా?" అని అడగబోయి ఆగింది. డెల్ఫా ఇంకా పెరట్లోనే, మోకాళ్ళ మీద ఉంది.

ఫిబ్రవరి 9. పన్నెండు పది — నాలుగు ఔన్సులు.
రెండున్నర — నాలుగు ఔన్సులు.
అయిదు — నాలుగు ఔన్సులు.